చక్రపాణి ఇంగ్లీషు

‘నేను స్థలం కొన్నాయన ఊళ్లో లేడు.’ చెన్నైలో ఏ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్ల మీద నిలబడి ఈ మాటన్నా పక్కనున్న తెలుగువాడు తలాడిస్తాడు. అర్థం కాకపోవడానికి అందులో ఏముంది గనక? అదే మాట తంబుచెట్టి వీధిలో ఏ వకీలుగారి ఆఫీసులోనైనా అని చూడండి. ఆయన ఇంగ్లీషులో రాయబోయి, కలం ఆపి అడుగుతారు: ‘మీరు ఆయన దగ్గర కొన్నారా, ఆయన స్థలం కొన్నారా?’

ఈ ప్రశ్న మనకు చాదస్తంలా వినిపిస్తుంది. కానీ స్థలం ఒకరిదై, పవర్ పుచ్చుకుని దస్తావేజు మీద సంతకం పెట్టింది ఇంకొకరైన అమ్మకాలు ఈ ఊళ్లో కొత్తేమీ కాదు. పవర్ ఏజెంటు సంగతి చెబుతున్నారా, అయితే ‘ద మ్యాన్ ఫ్రమ్ హూమ్ ఐ బాట్ ద ల్యాండ్’. అసలు ఓనరు సంగతా, అప్పుడు ‘ద మ్యాన్ హూజ్ ల్యాండ్ ఐ బాట్’. తెలుగులో మాత్రం ఇద్దరూ ‘నేను స్థలం కొన్నాయనే’. నోరు తెరిచి చెప్పుకున్నంతసేపూ ఫర్వాలేదు. కాగితం మీదికి ఎక్కేసరికి తకరారు అక్కడే మొదలవుతుంది.

ఈ పూట ఆ ‘హూజ్’ గురించే నాలుగు మాటలు. డబ్ల్యూ, హెచ్, ఓ, ఎస్, ఈ. ‘ఈ గొడుగు ఎవరిది?’ అని అడిగే హూజ్ ఉంది చూశారూ, దానితో మనకు పేచీ లేదు. నేను చెప్పేది రెండు వాక్యాలను ముడివేసే హూజ్ గురించి. ఒక పేరు పక్కన నిలబడి, తర్వాత వచ్చేది వీరి తాలూకు అని చెప్పే హూజ్. ఇంగ్లీషు గడగడా మాట్లాడేవాళ్లు కూడా అర్జీ రాసేటప్పుడు దీని దగ్గర తడబడతారు, లేదా దీని జోలికి పోకుండా చుట్టు తిరిగి పోతారు.

ఇందులో మన తెలివికి లోటేమీ లేదు. మన భాషకు ఆ మాట అవసరం పడలేదు, అంతే. ‘నన్ను చూసిన మనిషి.’ ‘నేను చూసిన మనిషి.’ ‘నేను డబ్బిచ్చిన మనిషి.’ ‘ఇల్లు కాలిపోయిన మనిషి.’ నాలుగింటిలోనూ క్రియ వాలకం ఒకటే: చూసిన, ఇచ్చిన, కాలిపోయిన. బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరి దీన్ని ధాతుజ విశేషణం అన్నారు. ఆ పనికీ ఆ మనిషికీ ఉన్న చుట్టరికం ఏమిటో ఆ మాటలో ఎక్కడా రాసి ఉండదు. చూసింది అతనా, మనం చూసింది అతన్నా, డబ్బు ముట్టింది అతనికా, కాలిపోయింది అతని ఇల్లా అన్నది వినేవాడు పోల్చుకోవలసిందే. పోల్చుకుంటాడు కూడా, క్షణం ఆలస్యం కాదు. ఇంగ్లీషు అలా వదలదు. ఈ నాలుగు మాటలకూ నాలుగు రూపాలు పెట్టింది: హూ, హూమ్, టు హూమ్, హూజ్. చుట్టరికం చెప్పందే గుమ్మం దాటనివ్వదు.

ఇది ఒక్క తెలుగు తీరే కాదు. 1816లో ఈ మద్రాసులోనే, సెంట్ జార్జి కోట కాలేజీ అచ్చు వేసిన క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒక వ్యాసం జోడించాడు. తెలుగు సంస్కృతంలోంచి పుట్టలేదు, తమిళ కన్నడాలతో ఒకే కుటుంబమని అందులో వాదించాడు. నలభై ఏళ్లకు, 1856లో, తిరునెల్వేలి సీమలో ఉన్న కాల్డ్‌వెల్ పాదిరీ ఈ కుటుంబం మొత్తానికి పోలికల వ్యాకరణం రాస్తూ, వీటిలో హూ, విచ్‌ల వంటి సర్వనామాలు లేవనీ, ఆ పని క్రియ రూపాలే చేసుకుపోతాయనీ నిర్ధారించాడు. కాబట్టి పక్కింటి తమిళాయన్ని సాయమడిగి లాభం లేదు. ఆయన బాధా మన బాధే. అడిగితే గిడిగితే త్యాగరాయనగరులో హిందీ ప్రచార సభకు వెళ్లి, అక్కడ పరీక్షలు ప్యాసైన వాళ్లను అడగాలి. వాళ్లు ‘జిస్‌కా’ అనే మాట ఎప్పుడో నేర్చుకున్నారు. 1918 నుంచీ ఆ సభ మన దక్షిణాదివాళ్లకు హిందీ నేర్పుతోంది. జిస్‌కా వచ్చినవాళ్లకు హూజ్ సగం వచ్చినట్టే.

సరే, లేని మాటను అరువు తెచ్చుకున్నప్పుడు ఏం జరుగుతుంది? మన చేతిలో ఉన్నది అతికిస్తాం. ‘ఇల్లు కాలిపోయిన మనిషి’ని ‘ద మ్యాన్ హూ హిజ్ హౌస్ గాట్ బర్న్ట్’ అని రాస్తాం. మనిషి వచ్చాడు, హూ వచ్చింది, మళ్లీ అతని ఇల్లు అనడానికి హిజ్ వచ్చింది. ఈ తప్పులో ఒక నిజాయితీ ఉంది, నాకు దీని మీద కోపం రాదు. కలపడానికి ఒక మాట, ఎవరిదో చెప్పడానికి ఒక మాట కావాలని రాసినవాడికి తెలిసింది. ఆ రెండు పనులూ ఒకే మాట చేస్తుందని తెలియలేదు. హూ, హిజ్ కలిసిపోతేనే హూజ్. అది వచ్చాక హిజ్‌కి చోటు లేదు, ‘ద’కు చోటు లేదు. ‘హూజ్ ద హౌస్’ అనీ ‘హూజ్ హిజ్ హౌస్’ అనీ రాస్తే ఒకే కుర్చీలో ఇద్దరిని కూర్చోబెట్టినట్టు.

ఇంకో రకం తప్పు బడి అనువాదంలోంచి వచ్చింది. ‘ఎవరి యొక్క ఇల్లు అయితే కాలిపోయినదో ఆ మనిషి’ అని మనకు హూజ్‌ని నేర్పారు. తెలుగుదేశంలో ఏ తల్లీ బిడ్డతో అలా మాట్లాడదు. ‘ఎవరి వెర్రి వారికి ఆనందం’ లాంటి సామెతల్లో ఎవరి, వారి అన్న జోడీ ఉన్నమాట నిజమే. కానీ అక్కడ ‘ఎవరి’ అంటే ఎవరిదైనా సరే అని. ఫలానా వ్యక్తిని పట్టి చూపించదు. కాలిపోయిన ఇంటివాడు మాత్రం ఫలానావాడే. ఆ పాఠం విన్న పిల్లవాడికి హూజ్ అంటే ఎక్కడో పరాయి యంత్రమన్న భయం పట్టుకుంటుంది. ఆ భయంతోనే పెద్దయ్యాక ‘హ్యావింగ్’ వేసి గట్టెక్కుతాడు. ‘ఎ పర్సన్ హ్యావింగ్ హిజ్ సన్ ఇన్ అమెరికా’ అని పెళ్లిసంబంధాల ఉత్తరాల్లో కనిపించేది ఆ భయమే.

నాకు తోచిన దారి వేరే ఉంది. హూజ్ పని ఏమిటో మనవాళ్లకు ఎప్పుడో తెలుసు. తెలుగు బళ్లో సమాసాలు చదివిన ప్రతివాడికీ తెలుసు. బహువ్రీహి గుర్తుందా? ముక్కంటి అంటే మూడు కన్నులు గలవాడు. నీలకంఠుడు అంటే నల్లని కంఠం గలవాడు. చక్రపాణి అంటే చక్రం పాణియందు గలవాడు. ఈ చక్రపాణి విష్ణుమూర్తి. వడపళనిలో చందమామ నడిపిన చక్రపాణిగారి మాట కాదు, ఆయన పేరుకూ విగ్రహవాక్యం ఇదే అయినా. అన్యపదార్థ ప్రధానం బహువ్రీహి అని బట్టీయం వేశాం. సమాసంలో చక్రం ఉంది, చెయ్యి ఉంది, మనిషి లేడు. అయినా అర్థమంతా పోయి ఆ బయటి మనిషి మీద వాలుతుంది.

హూజ్ చేసేది అచ్చంగా ఇదే. పండితులు సంస్కృతంలో విగ్రహం చెబితే వినండి: చక్రం పాణౌ యస్య సః. చక్రం ఎవరి చేతిలో ఉందో అతడు. ఆ ‘యస్య’ ఉన్న చోట హూజ్‌ని పెట్టండి, మాటల వరస చివరినుంచి మొదటికి తిప్పితే చాలు: ‘హీ ఇన్ హూజ్ హ్యాండ్ ఈజ్ ద డిస్కస్’. పద్మనాభుడు: ‘హీ ఇన్ హూజ్ నేవెల్ ఈజ్ ద లోటస్’. కోర్టు కాగితాల్లో ‘ఇన్ హూజ్ నేమ్’, ‘ఇన్ హూజ్ ఫేవర్’, ‘ఆన్ హూజ్ బిహాఫ్’ అని వచ్చినప్పుడు గుండెలు జారిపోతాయి కదా. ఈ ఊరు సంగతి తెలిసిన ఏ తాసీల్దారు ఆఫీసు గుమాస్తాకైనా ‘పట్టా తన పేర గలవాడు’ అంటే తెలుసు. అదీ చక్రపాణి సమాసమే. పేరు, చెయ్యి, బొడ్డు, ఏదైతేనేం.

ఇక్కడ ఒక చిన్న మెలిక. ‘గల’ కనిపించిన ప్రతిచోటా హూజ్ వేయకూడదు. మూడు కన్నులు గల దేవుడు అన్నప్పుడు ఉండడం తప్ప ఇంకేమీ చెప్పడం లేదు. అక్కడ ‘ద గాడ్ విత్ త్రీ ఐస్’ చాలు. ఆ కన్ను ఏదో పని చేసిందనుకోండి, మన్మథుణ్ణి బూడిద చేసిందనుకోండి, అప్పుడు ‘ద గాడ్ హూజ్ థర్డ్ ఐ బర్న్ట్ మన్మథా’. కన్నుకు సొంతంగా ఒక క్రియ వచ్చింది గనక. మన పెళ్లిసంబంధాల ఉత్తరంలోనూ అంతే. కొడుకున్నాడని మాత్రమే చెప్పాలంటే హూ హ్యాజ్ ఎ సన్. ఆ కొడుకు అమెరికాలో పనిచేస్తున్నాడని చెప్పాలంటే హూజ్ సన్ వర్క్స్ ఇన్ అమెరికా.

ఇందాక చెప్పిన చిన్నయసూరిగారు మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితుడిగా ఉండగా 1858లో బాలవ్యాకరణం వెలువరించారు. ఆయన శిష్యుల్లో ఇంగ్లీషు కచేరీ ఉద్యోగాలకు వెళ్లినవాళ్లు ఉండే ఉంటారు. సమాసాల గంటనూ ఇంగ్లీషు గ్రామరు గంటనూ ఎవరైనా పక్కపక్కన పెట్టి చెప్పి ఉంటే బాగుండేది. మన చదువుల్లో ఇప్పటికీ ఆ రెండు గంటలకూ మధ్య పెద్ద గోడే ఉంది.

అలాంటి గోడను దాటి ఇంగ్లీషు వశం చేసుకున్న తెలుగువాళ్లు ఈ ఊళ్లో లేకపోలేదు. ఒంగోలు సీమనుంచి వచ్చిన వెన్నెలకంటి సుబ్బారావుగారు మద్రాసు సదర్ అదాలత్‌లో అనువాదకుడిగా చేసి, తన జీవితకథను ఇంగ్లీషులోనే రాసుకున్నారు. ఆయన పోయినది 1839లో, పుస్తకం ఇక్కడ అచ్చయింది 1873లో. కోర్టులో అనువాదకుడి పనేమిటో ఊహించండి: ‘నేను స్థలం కొన్నాయన’ అని సాక్షి అంటే అది ఫ్రమ్ హూమో, హూజో తేల్చి దొరగారికి చెప్పాలి. తర్వాతి తరంలో గాజుల లక్ష్మీనరసుచెట్టిగారు 1844లో క్రెసెంట్ పత్రిక పెట్టారు. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ తరఫున రైతుల ఇక్కట్లు, పన్నుల భారం, కోర్టుల జాప్యం అన్నీ ఏకరువు పెట్టి బ్రిటిష్ పార్లమెంటుకు మహజరు పంపారు. ఎవరి భూమి, ఎవరి పంట, ఎవరి గోడు అన్నది సముద్రాల అవతలివాళ్లకు అర్థమయ్యేటట్టు రాయవలసిన అవసరం వాళ్లకు వచ్చింది. మనం ఫ్లాట్ అసోసియేషన్ నోటీసు దగ్గరే ఆగిపోయాం.

ఆ నోటీసు దగ్గరికే వద్దాం. అసోసియేషన్ ఎన్నికలొచ్చాయి. మెయింటెనెన్స్ బాకీ ఉన్న ఓనర్లకు ఓటు లేదని సెక్రటరీగారు లిఫ్టు పక్కన కాగితం అంటించారు: ‘ద ఓనర్స్ హూజ్ డ్యూస్ ఆర్ పెండింగ్ కెనాట్ ఓట్’. నిక్షేపంలాంటి వాక్యం. కానీ చెయ్యి ఊరుకోక, ఓనర్స్ తర్వాత ఒక కామా, పెండింగ్ తర్వాత ఇంకో కామా పెట్టారనుకోండి. అర్థం తలకిందులైపోయింది. ఇప్పుడు ఓనర్లందరూ బాకీదార్లే, ఎవరికీ ఓటు లేదు. కామాలు లేని హూజ్ గుంపులోంచి కొందరిని ఏరి చూపిస్తుంది. కామాల మధ్య హూజ్ గుంపు మొత్తానికీ ఒక సంగతి తగిలిస్తుంది. తెలుగులో ‘బాకీ ఉన్న ఓనర్లు’ అంటే రెండూ అవుతాయి. చదివేవాడు ఇంగితంతో సరిపెట్టుకుంటాడు. ఇంగ్లీషు కాగితం ఇంగితాన్ని నమ్ముకోదు. రేడియోలో అయితే చూడండి, కామా ఎలా వినిపిస్తుందో: ‘ద ఓనర్స్... హూజ్ డ్యూస్ ఆర్ పెండింగ్... కెనాట్ ఓట్’. ఆగితే అందరూ, ఆగకపోతే కొందరు. రాసిన తర్వాత పైకి చదువుకోండి. మీరు ఆగని చోట కామా ఉంటే కొట్టేయండి.

చెవికి కామా వినిపిస్తుంది గానీ, ఇంకో తేడా చెవికి ఎంత మొత్తుకున్నా వినిపించదు. హూజ్, హూజ్. నేనిప్పుడు రెండు వేరువేరు మాటలు పలికాను. మొదటిది డబ్ల్యూ, హెచ్, ఓ, ఎస్, ఈ. రెండోది డబ్ల్యూ, హెచ్, ఓ, పైన వేలాడే అపాస్ట్రఫీ, ఎస్. రెండోది ‘హూ ఈజ్’, ‘హూ హ్యాజ్’ అన్నవాటికి కుదింపు. మనవాళ్లు ఈ అపాస్ట్రఫీ దగ్గర ఎందుకు పడతారో చెప్పడం కష్టం కాదు. రామా అన్నమాట రాసి, అపాస్ట్రఫీ పెట్టి, ఎస్ వేస్తే ‘రాముడిది’ అని నేర్పారు. కాబట్టి ‘ఎవరిది’ అన్నదానికీ అదే ఉండాలనుకుంటారు. తర్కం బాగానే ఉంది. కానీ ఇలాంటి సర్వనామాలకు ఆ కొమ్ము లేదు. హిజ్‌కి లేదు, యువర్స్‌కి లేదు, అవర్స్‌కి లేదు, ‘దాని’ అనే ఇట్స్‌కి లేదు, హూజ్‌కీ లేదు. అనుమానం వస్తే విడదీసి చదవండి. ‘ద మ్యాన్ హూ ఈజ్ హౌస్ గాట్ బర్న్ట్’ అంటే నవ్వొస్తుంది కదా, అపాస్ట్రఫీ తీసేయండి. ఇప్పుడు ఫోనుకు నోటితో చెబితే అదే టైపు చేసిపెడుతోంది. దానికీ చెవులే ఉన్నాయి పాపం, ఒక్కోసారి మనలాగే పొరబడుతుంది. పంపేముందు చూసుకోండి.

ఇక మేష్టార్లతో నాకున్న తగువు. ‘ఎ హౌస్ హూజ్ రూఫ్ లీక్స్’ అని పిల్లవాడు రాస్తే ఎర్రసిరాతో కొట్టేస్తారు. ఇంటికి హూజ్ ఏమిటి, ప్రాణమున్నవాటికే కదా హూజ్ అంటారు. ‘ఎ హౌస్ ద రూఫ్ ఆఫ్ విచ్ లీక్స్’ అని దిద్దుతారు. ఇల్లు కారడం ఆగదు గానీ వాక్యం మాత్రం మోయలేనంత బరువెక్కుతుంది. ఈ నిషేధం ఇంగ్లీషుతో పుట్టింది కాదు. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో ‘హూ’కూ ‘వాట్’కూ షష్ఠి ఒకటే, దాని మనవడే ఇప్పటి హూజ్. 1667లో మిల్టన్ తన మహాకావ్యం మొదటి వాక్యంలోనే చెట్టు గురించి హూజ్ వాడాడు. 1762లో రాబర్ట్ లౌత్ అనే మతాచార్యుడు వ్యాకరణం రాస్తూ వస్తువులకు హూజ్ వాడడం సరికాదనిపిస్తోందన్నాడు. అలాంటి అభిప్రాయమే బడిపలకల మీద శాసనమై కూర్చుంది. 1926లో ఫౌలర్ తన వాడుక నిఘంటువులో ఈ శాసనాన్ని ఎద్దేవా చేశాడు. మన దేశంలో తరాల తరబడి పిల్లలు మోసిన వ్రెన్ అండ్ మార్టిన్ గ్రామరు కూడా ప్రాణంలేని వాటికి హూజ్ చెల్లుతుందనే ఒప్పుకుంది. ఇంటికి పేరుంది, పన్ను కడుతుంది, వారసులున్నారు. హూజ్ ఒక్కటే దానికి దక్కకూడదా?

చివరగా ఒక జాగ్రత్త. హూజ్ తన ముందున్న పేరుకే అతుక్కుంటుంది. ‘ద బ్రదర్ ఆఫ్ ద ఓనర్ హూజ్ సిగ్నేచర్ డజ్ నాట్ ట్యాలీ’ అని రాశారనుకోండి. సంతకం కుదరనిది ఓనరుదా, తమ్ముడిదా? చదివేవాడు దగ్గరగా ఉంది గదా అని ఓనరును పట్టుకుంటాడు. మీ ఉద్దేశం తమ్ముడైతే పని చెడింది. తెలుగులో ‘సంతకం కుదరని ఓనరు తమ్ముడు’ అన్నా ఇదే అవస్థ. ఈ విషయంలో రెండు భాషలూ దొందూ దొందే. ఇలాంటి చోట హూజ్‌తో కుస్తీ పట్టకండి. చుక్క పెట్టి రెండో వాక్యం మొదలెట్టండి: ‘ద ఓనర్ హ్యాజ్ ఎ బ్రదర్. ద బ్రదర్స్ సిగ్నేచర్ డజ్ నాట్ ట్యాలీ.’ అందం తగ్గిందని వకీలుగారు ముఖం చిట్లిస్తే చిట్లించనివ్వండి. రిజిస్ట్రారుగారు మాత్రం ఎవర్ని పిలవాలో మిమ్మల్ని మళ్లీ అడగరు.